రామదాసును మనకిచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారు

పల్నాటి సీమ పేరు వినగానే మన సభ్యులలో ఎవరికైనా రెండు కథలు జ్ఞాపకం వస్తాయి. ఒకటి పన్నెండవ శతాబ్దం నాటి పలనాటి యుద్ధం. గురజాల, మాచర్ల, కోడిపందెం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారంపూడి వీరుల గుడి, ఇవన్నీ ఆ కథలోనివి. రెండవది 1921-22 నాటి పుల్లరి సత్యాగ్రహం. కన్నెగంటి హనుమంతు ప్రాణాలర్పించిన కథ అది. ఈ రెండు కథలతోనూ సంబంధం కలిగిన రచయిత ఒకరున్నారు. మొదటి కథను వారు నాయకురాలు అనే నాటకంగా వ్రాశారు. రెండవ కథలో తామే పాలుపంచుకొని జైలుకు వెళ్ళారు. ఆ జైలు గోడల మధ్య కూర్చుని, మట్టిని నమ్ముకొని బ్రతికిన ఒక పల్లెటూరి వృద్ధుని బొమ్మ గీశారు. అది రంగులతో గీసిన బొమ్మ కాదు, మాటలతో గీసినది. ఆ వృద్ధుడు మాలపల్లి నవలలోని రామదాసు. గీసినవారు శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారు.

మన సంఘం ప్రత్యేక సంచికలో వారి జీవితాన్ని స్మరించుకోవడానికి ఒక కారణం ఉంది. మనలో ఎక్కువమందిమి సర్కారు కొలువులో జీవితం గడిపినవాళ్ళం. రెవిన్యూ కానివ్వండి, అటవీ శాఖ కానివ్వండి, పోలీసు, విద్య, పంచాయతీ, ఏ శాఖ అయినా కానివ్వండి, ఫైళ్ళు నడిపినవాళ్ళం. మన బల్ల మీద నుంచి వెళ్ళిన ఒక నోటీసు, ఒక జాబితాలో చేరిన ఒక పేరు, పల్లెలో ఒక ముసలివాని బ్రతుకును ఏ దారి పట్టిస్తాయో రామదాసు కథ చదివితే తెలుస్తుంది. పదవీ విరమణ చేసిన తరువాత తీరికగా చదువుకోదగిన పుస్తకాలలో ఇది ముందు వరుసలో ఉంటుంది.

బాల్యము, విద్య

లక్ష్మీనారాయణ గారు 1877 డిసెంబరు 4వ తేదీన ఆనాటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడు గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీరాములు గారు, తల్లి శేషమ్మ గారు. అప్పటికి గుంటూరు జిల్లా ఏర్పడనే లేదు. అది 1904లో ఏర్పడింది. బ్రాహ్మణ కుటుంబం, పల్లెటూరి పెంపకం. నల్లరేగడి చేలు, మెట్ట పైర్లు, పశువుల మందలు, పాలేర్ల పాటలు, మాలపల్లెల్లో రాత్రిపూట సాగే భజనలు, తత్వాలు - తరువాతి కాలంలో వారి నవలకు ఆధారమైన లోకమంతా చిన్ననాడే చుట్టూ ఉన్నది. ఆ లోకాన్ని చూచినవారు చాలామంది ఉండవచ్చును. చూచినదానిని మనసులో దాచుకొని, నలభై ఏళ్ళు దాటిన తరువాత కాగితం మీద పెట్టినవారు అరుదు.

ప్రాథమిక విద్య స్వగ్రామంలోను, ఆ పైచదువు గుంటూరులోను సాగింది. కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉండి, తరువాత న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు. వారి సతీమణి లక్ష్మీబాయమ్మ గారు. ఈ దంపతులు ఇద్దరూ ఒకే బండికి కట్టిన ఎద్దుల వలె జీవితాంతం ప్రజాసేవలో కలిసి నడిచారు. వీరేశలింగం పంతులు గారి బాటలో గుంటూరులో వితంతు శరణాలయం నడిపారు, వితంతు వివాహాలు జరిపించారు. ఆ రోజులలో అటువంటి పెళ్ళి చేయించినవారి ఇంట మంచినీళ్ళు ముట్టడానికి కూడా బంధువులు వెనుకాడేవారు. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, వియ్యమందుకోవడానికి ఎవరూ ముందుకు రారు. అటువంటి వెలిని లెక్కచేయని మనిషి గనుకనే తరువాత మాలపల్లి వంటి పుస్తకం వ్రాయగలిగారు. ఊరికి వెలియై ఉన్నవారి బాధ ఎటువంటిదో వారు కొంతవరకు తమ గడపలోనే చవిచూశారు.

ప్రత్యేకాంధ్ర రాష్ట్ర ఉద్యమం మొలకెత్తిన రోజులలో, 1911-12 ప్రాంతంలో, గుంటూరు యువకులు జొన్నవిత్తుల గురునాథం గారు మొదలైన వారితో కలిసి ఆంధ్ర ప్రాంతాన్ని విడిగా చూపే పటాన్ని తయారుచేసిన వారిలో ఉన్నవ వారు ఒకరు. ఆంధ్ర మహాసభలు మొదలుకావడానికి ముందు జరిగిన పని ఇది.

ఐర్లండు ప్రయాణం

1913లో బారిష్టరు చదువు కొరకు ఐర్లండు దేశపు డబ్లిన్ నగరానికి వెళ్ళారు. అప్పటికి వారికి ముప్పై ఆరవ ఏడు. ఆ వయసులో సంసారాన్ని ఇక్కడ వదిలి సముద్రం దాటి చదువుకు వెళ్ళడం సామాన్య విషయం కాదు. తరువాతి కాలంలో మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు కూడా ఆ సంవత్సరాలలోనే డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నారు.

ఆ రోజులలో ఐర్లండు దేశం కూడా మన దేశం వలెనే ఆంగ్లేయుల పాలనలో ఉన్నది. అక్కడి కౌలు రైతులు తరతరాలుగా భూస్వాములతో పోరాడుతూ వచ్చారు. 1913లోనే డబ్లిన్ నగరంలో కార్మికులకూ యజమానులకూ మధ్య పెద్ద సంఘర్షణ జరిగింది. నెలల తరబడి ఫ్యాక్టరీలు మూతపడి వేలాది కుటుంబాలు పస్తులున్నాయి. 1916 ఏప్రిల్‌లో ఈస్టరు తిరుగుబాటు జరిగింది. కూలివాడు సంఘం పెట్టుకుంటే ఏమవుతుందో, బక్క రైతు ఎదురు తిరిగితే ఏమవుతుందో పుస్తకాలలో కాక కళ్ళ ఎదుట చూడదగిన చోటు అది. చదువు ముగించుకొని స్వదేశానికి తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా పనిచేశారు. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. ఇటు గాంధీ మహాత్ముడు చంపారన్ రైతుల పక్షాన నిలిచారు. ఈ రెండు గాలులూ ఉన్నవ వారి మనసుకు సోకాయి. మాలపల్లి చదివినవారికి రెండింటి జాడా కనిపిస్తుంది.

పల్నాటి పుల్లరి

1921వ సంవత్సరం గుంటూరు జిల్లా చరిత్రలో మరపురానిది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ప్రజలు మునిసిపాలిటీ వద్దని ఊళ్ళు ఖాళీ చేసి పాకలలోకి వెళ్ళారు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పన్నుల నిరాకరణకు రంగం సిద్ధమవుతున్నది. ఇదే సమయంలో పల్నాడులో అడవి సత్యాగ్రహం మొదలైంది.

పల్నాడు మెట్ట సీమ. సాగర్ కాలువలు రాని రోజులు. జొన్న, సజ్జ, వర్షం మీద ఆధారపడిన సేద్యం. వాన మొహం చాటేస్తే పశువులే దిక్కు. పశువులకు నల్లమల అంచున ఉన్న అడవే దిక్కు. తాతల కాలం నుంచి ఆ అడవిలో గొడ్డును మేపుకున్నారు, నాగలికి కర్ర తెచ్చుకున్నారు, గుడిసెకు ఆకు తెచ్చుకున్నారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత అడవి రిజర్వు అయింది. పశువుకు ఇంత అని పుల్లరి చెల్లించి చీటి తీసుకుంటేనే అడవిలో మేత. చీటి లేని గొడ్డు గట్టు దాటితే బందెలదొడ్డి, ఆపైన జరిమానా. పుల్లరి సొమ్ము కంటే, దాని చుట్టూ అల్లుకున్న మామూళ్ళు, వెట్టి చాకిరి, అవమానం రైతుకు ఎక్కువ బరువైనాయి.

రెంటచింతల, జెట్టిపాలెం, మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతాలలో జనం పుల్లరి కట్టడం మానివేశారు. అధికారులు వస్తే చాకలి, మంగలి పలకరు, దుకాణంవాడు సరుకు ఇవ్వడు. ఈ పరిస్థితులను విచారించడానికి గుంటూరు జిల్లా కాంగ్రెసు సంఘం 1921లో ఇద్దరు పెద్దలను పల్నాడు పంపింది. ఒకరు మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు గారు, మరొకరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు. వారిద్దరూ పల్నాడులో ప్రవేశించిన తరువాత ప్రభుత్వం వారిని నిర్బంధించి ఏడాది కారాగార శిక్ష విధించింది. ఉద్యమం వారి అరెస్టుతో ఆగలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద జరిగిన పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగారు. పంతులు గారు జైలులో ఉండగానే పల్నాడు ఆ బలి ఇచ్చింది.

జైలులో పుట్టిన నవల

రాయవేలూరు జైలులో ఉన్నవ వారు మాలపల్లి వ్రాశారు. దీనికే సంగవిజయం అని మరొక పేరు. రచయితకు అప్పుడు నలభై నాలుగేళ్ళు. కోర్టులో నల్లకోటు వేసుకోవలసిన బారిష్టరు ఖైదీ దుస్తులలో కూర్చుని వ్రాసిన పుస్తకం ఇది. 1922లో ప్రచురింపబడింది. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పీఠిక వ్రాశారు.

అంతవరకు తెలుగు నవలలో దళితుడు కథానాయకుడు కావడం అరుదు. కావ్యాలలో రాజులు, నవలలలో జమీందార్లు, ఉద్యోగస్థులు. ఉన్నవ వారు కథను మంగళాపురమనే ఊరి మాలపల్లెలోకి తీసుకువెళ్ళి, రామదాసు అనే పెద్దమనిషి ఇంటి ముందు నిలబెట్టారు. భాష కూడా ఆ ఊరిదే. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యావహారిక భాష కొరకు పోరాడుతున్న రోజులలో, గుంటూరు సీమ రైతు, పాలేరు, ఇల్లాలు మాట్లాడుకునే మాటలను ఉన్నవ వారు నవలలో పెట్టారు. ఆ మాటలు చదువుతుంటే మన తాతలు అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్లే ఉంటుంది.

రామదాసు అనే పెద్దాయన

రామదాసు కథలో ఒక వ్యక్తి మాత్రమే కాదు. పల్నాడు, గుంటూరు పల్లెల్లో మన తరం వారు చిన్నతనంలో చూచిన వృద్ధులు ఎందరో ఆయనలో ఉన్నారు. సేద్యం చేసుకొనే మనిషి, విష్ణుభక్తుడు, తత్వం తెలిసినవాడు. బడి చదువు తక్కువైనా బ్రతుకు చదువు నిండా ఉన్నవాడు. నేలనూ, పశువునూ, ఋతువునూ ఎరిగి, వాటి ప్రకారమే నడుచుకునేవాడు. తెచ్చిపెట్టుకున్న అవసరాలు లేవు. ఉన్నదానిలో ఒకరికి పెట్టి తినడం తెలుసు. ఇల్లాలు మహాలక్ష్మి, పిల్లలు, చుట్టాలు, వచ్చిపోయే సాధువులు, రాత్రి భజన, ఇదే ఆయన ప్రపంచం. మహాలక్ష్మిని పల్లెలో మాలక్ష్మి అని పిలుస్తారు.

ఇంత ప్రశాంతమైన మనిషి మీద రచయిత ఎన్ని కష్టాలు మోపారో చూడండి. ఒక కొడుకు సంగదాసు ఊరి ఆసామి చౌదరయ్య దగ్గర పనిచేస్తూ, ఆ ఇంటి బిడ్డ రామానాయుడితో స్నేహంగా ఉంటూ, కూలీలను కూడగట్టి న్యాయమైన కూలి అడిగినవాడు. కోపంలో చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతడు మరణిస్తాడు. మరొక కొడుకు వెంకటదాసు శాంతి మార్గం వదిలి తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో ఉన్నవారిని దోచి లేనివారికి పంచే దారి పడతాడు. చివరకు పట్టుబడి జైలులో ప్రాణం విడుస్తాడు. కూతురు జ్యోతి అకాల మరణం పాలవుతుంది. రామదాసు కుటుంబం నేరస్థుల సెటిల్మెంటు పాలవుతుంది.

ఈ సెటిల్మెంటు సంగతి ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చును. ఆంగ్ల ప్రభుత్వం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, సెటిల్మెంట్లలో ఉంచి, రోజూ హాజరు వేసేది. మన జిల్లాలో బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913లో అటువంటి సెటిల్మెంటుగా ఏర్పడినదే. మద్రాసు రాజధానిలో స్వాతంత్ర్యానికి ముందే 1947లో ఆ చట్టం రద్దు కాగా, దేశమంతటా 1952లో రద్దయింది. ఏ నేరమూ చేయని ముసలివాడు పేరు జాబితాలోకి ఎక్కినందున తన ఊరు, తన నేల విడిచి కంచె లోపల హాజరు పలకవలసి రావడం - మాలపల్లిలో గుండెను పిండే ఘట్టం ఇదే. అక్కడ దుర్మార్గుడైన అధికారి ఒక్కడే ఉంటే కథ తేలిక అయ్యేది. చాలామంది తమ తమ పని తాము చేశారు. ఒకరు వ్రాశారు, ఒకరు సంతకం చేశారు, ఒకరు అమలు జరిపారు. అంతా నిబంధన ప్రకారమే జరిగింది. ఒక కుటుంబం మటుకు మిగలలేదు. ఉద్యోగాలు చేసి వచ్చిన మనం ఈ ఘట్టాన్ని ఇతరులకంటే కొంచెం ఎక్కువసేపు ఆగి చదవవలసి ఉంటుంది.

ఓర్పా, పోరా?

ఇన్ని దెబ్బలు తగిలినా రామదాసు ద్వేషం పెంచుకోడు. ప్రతీకారం తలపెట్టడు. ఇక్కడే మాలపల్లి చదివినవారి మధ్య ఈనాటికీ వాదం నడుస్తుంది. సంగదాసు సంఘం పెట్టమన్నాడు. వెంకటదాసు కత్తి పట్టాడు. తండ్రి ఓర్చుకున్నాడు. ముగ్గురిలో ఎవరిది సరైన దారి? రచయిత ఒకరి వైపు వేలు చూపి తప్పుకోలేదు. ముగ్గురినీ ఒకే ఇంటి మనుషులుగా పెట్టారు. సంగదాసు పేరు మీద సంఘం, విద్యాలయం ఏర్పడి రామానాయుడు వంటివారు అందులో పనిచేయడం వరకు కథను నడిపించారు. నవలకు సంగవిజయం అనే పేరు పెట్టడంలో ఆయన ఆశ ఎటున్నదో తెలుస్తూనే ఉంది. అయినా తండ్రి ముఖాన్ని ఆ విజయం వెనుక దాచలేదు.

కథ చివర రామదాసు విరాగియై, ఉన్నదంతా వదిలి తపస్సుకు అడవుల బాట పడతాడు. ఇది ఓటమి అనీ, సమస్యను వదిలి పారిపోవడమనీ విమర్శించిన పండితులున్నారు. వారి మాటలో కొంత నిజం ఉండవచ్చును. కానీ ఆ పుస్తకం ఎక్కడ, ఎందువలన వ్రాయబడినదో జ్ఞాపకం పెట్టుకుంటే ఆ ముగింపు మరో విధంగా కనిపిస్తుంది. అడవిలో గొడ్డును మేపుకునే హక్కు కొరకు పోరాడిన రైతుల పక్షాన వెళ్ళి జైలు పాలైన మనిషి వ్రాసిన కథ ఇది. బయట పల్నాడు రైతుకు అడవి మూసివేయబడింది. కథలో ముసలివానికి ఊరు, కచేరి, సెటిల్మెంటు, జైలు, అన్నీ చుట్టివచ్చిన తరువాత అడవి ఒక్కటే చీటి అడగని చోటుగా మిగిలింది. ఆ అడవి తలుపును రచయిత ఆయన కొరకు తెరిచి ఉంచారు. ఓర్పు గొప్పదని చెప్పడానికి ఈ ముగింపు వ్రాశారని నేననుకోను. అంత ఓర్పు గల మనిషిని కూడా మన ఊళ్ళు నిలుపుకోలేకపోయాయని చెప్పడానికే వ్రాశారనుకుంటాను.

నిషేధాలు

ఆంగ్ల ప్రభుత్వానికి ఈ ముసలివాని బొమ్మ ఎంత భయం కలిగించిందో పుస్తకానికి జరిగిన చరిత్ర చెబుతుంది. 1922లో అచ్చయిన నవలను 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. చట్టసభలో ఆ విషయమై ప్రస్తావనలు జరిగాయి. 1928లో కొన్ని భాగాలు తొలగించిన మీదట నిషేధం ఎత్తివేశారు. 1936లో మళ్ళీ నిషేధించారు. 1937లో మద్రాసులో రాజాజీ గారి నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాత నిషేధం తొలగింది. పదిహేనేళ్ళలో రెండుసార్లు నిషేధానికి గురైన తెలుగు నవల మరొకటి చెప్పడం కష్టం. ఆ నవలలో బాంబులు లేవు, తుపాకులు లేవు. కూలివాడు మనిషే అన్న మాట ఉంది. అదే చాలినంత ప్రమాదంగా తోచింది.

పల్నాటి చరిత్రతో ఈ నవలకు మరో పోలిక కూడా చెప్పుకోవచ్చును. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకొని సేనాపతిని చేశాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. ఎనిమిది వందల ఏళ్ళనాడే ఆ మాట పాటగా పాడుకున్న నేల మీద 1921లో కూడా దళితునికి ఊరి బావి నీరు లేదు. వీరగాథలోని కన్నమదాసు వీరుడు గనుక అందరూ మెచ్చారు. ఉన్నవ వారు కత్తి పట్టని రామదాసును కూడా అంతే గౌరవంతో నిలబెట్టారు. అదే ఉన్నవ వారు నాయకురాలు నాటకంలో, అందరూ దుష్టురాలిగా చెప్పుకొనే నాగమ్మను సమర్థురాలైన మంత్రిణిగా చూపారు. లోకం ఒక పక్కకు నెట్టినవారిని పిలిచి పీట వేయడం వారి స్వభావం.

శారదా నికేతనం

పంతులు గారు పుస్తకం వ్రాసి ఊరుకొన్నవారు కాదు. 1922లోనే ఆ దంపతులు గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. ఆడపిల్లలకు, ముఖ్యంగా ఆదరణ లేని స్త్రీలకు, చదువుతో పాటు చేతిపనులు నేర్పి తమ కాళ్ళ మీద తాము నిలబడేలా చేయడం దాని ఉద్దేశ్యం. అక్కడ భాషాప్రవీణ వంటి చదువులు చదివి తెలుగు పంతులమ్మలుగా వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. మన పెన్షనర్ల కుటుంబాలలోనే తల్లులు, అమ్మమ్మలు, అత్తగార్లు ఆ చలువతో చదువుకొన్నవారు ఉండవచ్చును.

బారిష్టరు వృత్తి వదులుకొన్న మనిషికి సంపాదన ఏముంటుంది? అయినా సంస్థ నడిపారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో లక్ష్మీబాయమ్మ గారు కూడా జైలుకు వెళ్ళారు. పంతులు గారు ఆ ఉద్యమంలోను, మళ్ళీ 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను కారాగారవాసం అనుభవించారు. 1942 నాటికి వారికి అరవై నాలుగేళ్ళు దాటాయి. మనం పెన్షను కాగితాలు సరిచూసుకొనే వయసులో వారు మూడవసారి జైలు గడప తొక్కారు.

జాషువ గారి మాట

పల్నాడు ఈ విషయంలో మరొక మహాకవిని కూడా ఇచ్చింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ గారు 1941లో గబ్బిలం ప్రకటించారు. ఉన్నవ వారు బయటి నుంచి వెళ్ళి మాలపల్లె ముంగిట నిలబడి ఆ బొమ్మ గీశారు. జాషువ గారు ఆ బాధను స్వయంగా అనుభవించి పాడారు. రెండింటికీ తేడా ఉంది. రామదాసు ఓర్పులో కొంత, రచయిత తన గౌరవభావంతో చేర్చిన ఓర్పు అని అనిపిస్తే తప్పు లేదు. గబ్బిలంలో ఆ ఓర్పు కంటే నిలదీత ఎక్కువ. ఒకే సీమకు చెందిన ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివితేనే బొమ్మ పూర్తి అవుతుంది. ఉన్నవ వారి గొప్పతనం దీనివల్ల తగ్గదు. తలుపు ముందుగా తట్టిన చేయి వారిది.

చివరి రోజులు

యువకుడుగా ఏ ఆంధ్ర రాష్ట్రానికి పటం గీశారో ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడటం పంతులు గారు కళ్ళారా చూశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడమూ చూశారు. తాము జైలుకు వెళ్ళిన పల్నాటి సీమలోనే, మాచర్లకు చేరువలో, 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. కాలువకు నీరు వదిలింది 1967లో. మెట్ట పల్నాడుకు కాలువ నీరు పారడం చూచే భాగ్యం పంతులు గారికి లేకపోయింది. 1958 సెప్టెంబరు 25న, ఎనభై ఒకటవ ఏట వారు కన్నుమూశారు. సాగర్ కుడి కాలువ కింద నీరు పారిన పొలాలలో ఇప్పుడు వరి, మిరప పండుతున్నాయి. బందెలదొడ్డి అంటే ఏమిటో మన మనుమలకు చెప్పి తెలియజేయవలసిన రోజులు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా కూడా ఏర్పడింది.

సౌకర్యాలు పెరిగాయి. కానీ రామదాసు వంటి పెద్దాయనలు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వేలిముద్ర పడలేదనో, పేరులో ఒక అక్షరం తేడా వచ్చిందనో, పట్టా పుస్తకంలో సర్వే నెంబరు కలవలేదనో కచేరీల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. వారికి కాగితం భాష తెలియదు. మనకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ భాషలోనే బ్రతికాం. ఒక అర్జీ వ్రాసిపెట్టడం, ఏ బల్ల దగ్గరకు వెళ్ళాలో చెప్పడం, అవసరమైతే వెంట వెళ్ళడం మనకు పెద్ద పని కాదు. వారికి అది నేల నిలవడమో పోవడమో. పెన్షనర్ల సంఘాలు తమ హక్కుల కొరకు పోరాడటం ధర్మమే. వారానికి ఒక పూట ఇటువంటి సేవకు కేటాయించగలిగితే ఉన్నవ వారిని స్మరించినందుకు సార్థకత ఉంటుంది.

మాలపల్లి పెద్ద పుస్తకం. ఒక వారంలో చదివి పెట్టేది కాదు. మధ్యాహ్నం భోజనం తరువాత రోజుకు పది పేజీలు చదివితే ఒకటి రెండు నెలలలో పూర్తవుతుంది. కళ్ళు సహకరించని వారు మనుమలచేత చదివించుకొని వినవచ్చును. ఆ విధంగా ఇద్దరికీ మేలు. పిల్లలకు తెలియని మాట వస్తే ఆగి చెప్పవచ్చును. పుల్లరి అంటే ఏమిటి, పాలేరు అంటే ఎవరు, ఊరికి మాలపల్లె ఎందుకు దూరంగా ఉండేది అని వారు అడుగుతారు. ఆ ప్రశ్నలకు దాచకుండా జవాబు చెప్పడం మన తరం వారి బాధ్యత.